ఫైబర్ బొమ్మ మీద రంగు పెచ్చులూడుతోందా? ముందు మైనం సంగతి చూడండి

బొమ్మ రంగు ఊడిపోతోందని ఎవరైనా పిలిస్తే నేను మొదట అడిగేది ఒక్కటే: ఉప్పుకాగితం పట్టకముందు కడిగారా? "చాలాసేపు రుద్దామండీ" అంటారు. నేనడిగింది రుద్దడం గురించి కాదు.

విరాళాల వేలం కోసం ఆవులు, ఏనుగులు, రెక్కల గుర్రాలు, డ్రాగన్లకు రంగులు వేసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. 1998లో జ్యూరిచ్‌లో, 1999లో షికాగోలో వీధుల్లో నిలబెట్టిన ఆవుల దగ్గర్నుంచి ఈ తరహా బొమ్మలు ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌వే. కోటుకీ కోటుకీ మధ్య ఆరనివ్వడం, దుమ్ము తుడవడం లాంటివి మీకు తెలుసనే అనుకుంటున్నాను.

రంగు పొరలు పొరలుగా లేస్తోంది

ముందు ఊడిన పెచ్చును వెనక్కి తిప్పి చూడండి. ప్రైమర్ బొమ్మకే అంటుకుని ఉండి పై రంగు మాత్రమే వచ్చిందంటే తప్పు ఆ రెండింటి మధ్య ఉంది: దుమ్ము, చేతి జిడ్డు, లేదా ప్రైమర్ వేసి చాలా రోజులు అలాగే వదిలేయడం. సన్న ఉప్పుకాగితంతో గరుకు చేసి, తుడిచి మళ్ళీ వేసుకుంటే సరిపోతుంది.

ప్రైమర్‌తో సహా ఊడి, కింద జెల్‌కోట్ (ఫైబర్ బొమ్మకు పైన ఉండే నున్నటి రెజిన్ పొర) మెరుస్తుంటే మాత్రం కారణం మైనం. మౌల్డ్‌లోంచి బొమ్మ సులువుగా ఊడి రావడానికి లోపల మైనం పూస్తారు. కొందరు దాని మీద నీళ్ళలో కరిగే పీవీఏ పొర కూడా వేస్తారు. అందులో కొంత బొమ్మతోనే వచ్చేస్తుంది. కంటికి కనపడదు, చేతికి తెలియదు.

ఒక గుర్తు చెబుతాను. రెండు సగాలు అతికించిన చోట, అంటే వీపు మీదుగా పోయే అతుకు గీత వెంబడి, రంగు గట్టిగా పట్టుకుని ఉంటుంది. దానికి రెండు పక్కలా డొక్కల మీద మాత్రం గోరు పెడితే రేకులా వచ్చేస్తుంది. అతుకును తయారీదారు ముందే అరగదీసి పుట్టీ పెట్టి సాపు చేస్తాడు, మైనం అక్కడే పోతుంది. డొక్కల్ని ఎవరూ ముట్టుకోరు. ఈ తేడా కనిపిస్తే ఇంక వేరే కారణం వెతకక్కర్లేదు.

అందరూ బోల్తాపడేది ఇక్కడే. మైనం మీదే ఉప్పుకాగితం పట్టి రుద్దితే అది పోదు. ఆ వేడికి మెత్తబడి, మీరు కొత్తగా చేసిన గీతల్లోకి దిగి కూర్చుంటుంది. పైకి మాత్రం గరుకుగా, రంగుకు సిద్ధంగా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే ఎంత ఎక్కువ రుద్దామని చెబితే నాకంత అనుమానం.

వరుస ఇలా ఉండాలి. ముందు గోరువెచ్చని నీళ్ళు, పాత్రలు కడిగే సబ్బుతో కడగండి. పీవీఏ ఉంటే అక్కడే పోతుంది. సబ్బు మిగలకుండా శుభ్రంగా జాడించి ఆరనివ్వండి. తర్వాత మైనం తీసే ద్రావకం, అది లేకపోతే అసిటోన్. గుడ్డలు రెండుండాలి: ఒకదానితో తడిపి తుడవండి, తడి ఆరేలోపే పొడిగుడ్డతో ఎత్తేయండి. ఆరనిస్తే మైనం మళ్ళీ అక్కడే పేరుకుంటుంది. గుడ్డ మడత మార్చకుండా బొమ్మంతా తుడిస్తే ఒకచోటి మైనాన్ని మిగతా ఒంటికి పూసినట్టే. గాలి ఆడే చోట, చేతితొడుగులతో, నిప్పుకు దూరంగా చేయండి.

ఇప్పుడు నీళ్ళ పరీక్ష. శుభ్రమైన నీళ్ళు చల్లండి. పలచని పొరలా పరుచుకుని నిలిస్తే మైనం లేదు. విడిపోయి చుక్కలు కడితే ఇంకా ఉంది, మళ్ళీ తుడవండి. చెవుల లోపల, పొట్ట కింద, కాళ్ళ సందుల్లో తప్పకుండా చూడండి. సబ్బు సరిగా జాడించకపోతే మైనం ఉన్నా నీళ్ళు పరుచుకుంటాయి, మోసపోవద్దు. ఇది పాసయ్యాకే 220 నంబరు ఉప్పుకాగితం, తర్వాత ఫైబర్‌కు పట్టే ప్రైమర్.

"మాది ప్రైమర్ వేసే పంపారు" అంటారా? తెల్లగా అద్దంలా మెరుస్తుంటే అది ప్రైమర్ కాదు, జెల్‌కోట్ కావచ్చు. నిజంగా ప్రైమరే అయినా పొట్ట కింద బ్లేడుతో చిన్న గళ్ళు గీసి, టేపు అంటించి లాగి చూడండి, ప్రైమర్ టేపుతో వచ్చేస్తే పట్టలేదన్నమాట. మైనం మీదే ప్రైమర్ కొట్టి పంపేవాళ్ళూ ఉన్నారు.

బొమ్మ పూర్తయ్యాక ఊడటం మొదలైతే పైన క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పూత) వేసి ఆపుదామనుకోకండి. ఆరేటప్పుడు అది బిగుసుకుని, అంతవరకూ పట్టుకున్న రంగును కూడా లాగేస్తుంది. డిజైన్ ఫొటోలు తీసుకుని, టేపు లాగినా రంగు ఊడని చోటి దాకా ప్లాస్టిక్ గరిటెతో గీకేసి మొదట్నుంచి చేయండి. పెయింట్ రిమూవర్ వాడితే జెల్‌కోట్ కూడా మెత్తబడుతుంది, జాగ్రత్త.

కొమ్ము, రెక్క, తోక దగ్గర మాత్రమే ఊడుతోంది

అవి మీరు ఎపాక్సీతో చేసి అతికించినవేనా? ఎపాక్సీ గట్టిపడేటప్పుడు, ముఖ్యంగా చల్లగా, తేమగా ఉన్నప్పుడు, పైన జిడ్డులాంటి పొర తేలుతుంది. దీనికి అసిటోన్ పనికిరాదు, నీళ్ళే మందు. తడి స్క్రబ్బర్‌తో తోమి, తుడిచి, ఆ తర్వాతే ఉప్పుకాగితం పట్టండి.

క్లియర్ కోట్ పాలలా తెల్లబారింది

తేమ. గాల్లో తేమ 85 శాతం దాటినప్పుడు ఏదీ వేయకండి, అంతకన్నా తక్కువుంటే ఇంకా మేలు. అడుగున అక్రిలిక్ పూర్తిగా ఆరకముందే వేసినా ఇంతే. రెండు భాగాలు కలిపి కొట్టే పాలియురేథేన్ అయితే మామూలు గుడ్డ మాస్కు సరిపోదు, అందులో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లుంటాయి. తెలిసినవాళ్ళ చేత కొట్టించండి.

మార్కర్ గీతలు పాకాయి

ఆ మార్కర్‌ది క్లియర్ కోట్ ద్రావకంలో కరిగే ఇంకు. అక్రిలిక్ పెయింట్ మార్కర్లు వాడండి.

గులాబీ, నారింజ వెలిసిపోయాయి

ఫ్లోరసెంట్ రంగులు ఎండకు ఆగవు. యూవీ క్లియర్ కోట్ కొంత ఆలస్యం చేస్తుందంతే.

రెజిన్ సరిగా గట్టిపడకపోవడం, జెల్‌కోట్ లోపలే బుడగలుండటం అరుదు. గోరు దిగేంత మెత్తగా ఉంటే తయారుచేసినవాళ్ళకు తిప్పి పంపండి. దాని మీద ఏ రంగూ నిలవదు.