ఆకురాయి ఫైలు, ఆఫీసు ఫైలు: ఒక ఇంగ్లీషు మాట పుట్టుక తేల్చుకోవడం ఎలా

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడులో చేరిన కుర్రాడు మొదట నేర్చుకునే పనుల్లో ఒకటి ఫైలింగ్. వాళ్ల నాన్న ఏడాదికోసారి ఆడిటరు దగ్గరికెళ్లి చేయించుకునేదీ ఫైలింగే. ఒకటి వైస్‌లో, అంటే ముక్కను కదలకుండా పట్టే బిగింపు పనిముట్టులో, బిగించిన ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీయడం, మరొకటి ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయడం. ఇంగ్లీషులో రెండిటికీ అవే అక్షరాలు, అదే పలుకు. ఇలాంటి మాట తగలగానే చాలామంది రెండర్థాలనూ ముడేసి ఒక కథ అల్లేస్తారు: "కాగితాలను సాపు చేసి సర్దిపెడతాం కదా, అందుకే నునుపు చేసే పనిముట్టు పేరే దానికీ వచ్చింది" అని. వినడానికి బాగానే ఉంటుంది గానీ తప్పు. అది తప్పని మనంతట మనమే తేల్చుకునే పద్ధతి ఒకటుంది.

ముందు ఒక కాగితం తీసుకుని ఆ మాట మన చెవిన పడే వాక్యాలు ఆరేడు రాయండి. "రంపం పళ్లకు ఫైలు పట్టించాలి." "ఫైలు మీద కలెక్టరు గారి సంతకం కాలేదు." "కోర్టులో కేసు ఫైలైంది." "పిల్లలూ, సింగిల్ ఫైల్‌లో నడవండి." "పీడీఎఫ్ ఫైలు పంపు." ఇప్పుడు ప్రతి వాక్యంలోనూ ఫైలు తీసేసి తెలుగు మాట పెట్టండి. ఆకురాయి, దస్త్రం, దాఖలు, వరుస అని వస్తాయి. పీడీఎఫ్ దగ్గర ఏదీ సరిగ్గా అతకదు, అక్కడ ఖాళీ వదిలేయండి. ఈ పనితో తెలిసేది ఎన్ని అర్థాలున్నాయన్నదే. నాలుగు తెలుగు మాటలొచ్చాయి కాబట్టి నాలుగు మూలాలున్నాయని అనుకుంటే అక్కడే దారి తప్పుతాం.

తర్వాత వ్యుత్పత్తి, అంటే మాట పుట్టుక, ఇచ్చే ఇంగ్లీషు నిఘంటువు తెరవాలి. బడి పిల్లల కోసం వేసిన చిన్న నిఘంటువుల్లో చాలావాటిలో ఆ భాగమే ఉండదు. పేజీలో మొట్టమొదట చూడాల్సింది మాట చివర, కాస్త పైకి ఎక్కించి వేసిన చిన్న అంకె. ఆక్స్‌ఫర్డ్ వారి పెద్ద నిఘంటువుల్లో ఆ అంకె మారిందంటే పుట్టుక వేరని. వివరణ లోపల వరుసగా వచ్చే అంకెలు అర్థాలకు మాత్రమే. ఈ రెండు రకాల అంకెలనూ కలగలపడం వల్లే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఇంకో చిక్కుంది: మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు నామవాచకానికి ఒక అంకె, క్రియకు మరో అంకె ఇస్తుంది. అక్కడ అంకెను నమ్ముకోకుండా వ్యుత్పత్తి భాగం చదివి, ఏది దేనికి చుట్టమో చూసుకోవాలి.

వ్యుత్పత్తి భాగంలో మూడు గుర్తులు తెలిస్తే చాలు. చిన్నదని చూపే లెక్కల గుర్తు ఉంటే "దీని నుంచి వచ్చింది" అని. మాట ముందు నక్షత్రం ఉంటే, ఆ రూపం ఏ రాతలోనూ దొరకలేదు, పండితులు సోదర భాషలను పోల్చి కట్టిన రూపమని. "పోల్చి చూడు" అని ఉంటే అది చుట్టరికం మాత్రమే, తల్లీబిడ్డల సంబంధం కాదు. జర్మన్ మాట ఫైలె పక్కన కనబడింది కదా అని ఆకురాయి పేరు జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చిందని రాసేస్తే పొరపాటు. డచ్ వారి ఫైల్, జర్మన్ ఫైలె, ఇంగ్లీషు ఫైల్ మూడూ అక్కచెల్లెళ్లు.

ఇక ఆకురాయి ఫైలు సంగతి. ఇది ఇంగ్లీషు సొంత ఇంటి మాట. పాత ఇంగ్లీషులో ఫేఓల్, ఫీల్ అనే రూపాలు రెండూ ఉన్నాయి. దాని వెనక "కోయడం, గాటు పెట్టడం" అనే అర్థమున్న ఇండో-యూరోపియన్ (సంస్కృతం, లాటిన్, ఇంగ్లీషు లాంటి భాషల ఉమ్మడి మూలభాష) ధాతువు బహుశా ఉందంటారు. ఆ "బహుశా"ను మనమూ వదిలేయకూడదు. దీన్ని పరీక్షించడానికి తెలుగువాళ్లకు మంచి ఆధారమే ఉంది. సంస్కృతంలో పకారం ఉన్నచోట ఇంగ్లీషు సొంత మాటల్లో ఫకారం కనిపిస్తుంది: పితృ – ఫాదర్, పాద – ఫుట్. ఆ లెక్కన ఫైల్‌కు సంస్కృత బంధువు ఉంటే అది పకారంతో మొదలవ్వాలి. ఉంది: పింశతి, అంటే చెక్కుతాడు, అలంకరిస్తాడు. మన కావ్యాల్లో అందమైన, సుకుమారమైన అనే అర్థంలో వచ్చే "పేశలం" ఆ ధాతువు నుంచి పుట్టిందే. లాటిన్‌లో అదే ధాతువు చిత్రించడం అయింది. పెయింట్, పిక్చర్ అక్కడి నుంచి వచ్చాయి. అవి అరువు మాటలు కాబట్టి పకారం అలాగే నిలిచింది.

ఈ కోత అర్థం పనిముట్టు మీదే కనబడుతుంది. ఒక ఆకురాయిని వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడండి. ఒకే వైపు వాలిన గాట్లుంటే సింగిల్ కట్. రెండో వరుస వాటిని అడ్డంగా కోసి పళ్లు తేలితే డబుల్ కట్. పళ్లు మొన వైపుకు తిరిగి ఉంటాయి కాబట్టి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు నొక్కితే పళ్లు మొండిబారతాయి. అల్యూమినియం లాంటి మెత్తటి లోహమైతే రజను పళ్ల సందుల్లో ఇరుక్కుని పని మీద గీతలు పడతాయి. ముందే పళ్లకు సుద్ద రాస్తే అది తగ్గుతుంది. బాస్టర్డ్ ఫైలు అన్న పేరు విని కొత్తవాళ్లు తిట్టనుకుంటారు. గరుకు రకానికీ, అంతకంటే సన్నని పళ్లుండే సెకండ్ కట్ రకానికీ నడుమ ఉండే రకం అది. వృత్తుల్లో ఆ మాట "ప్రామాణిక కొలతకు చెందనిది, మధ్యరకం" అన్న అర్థంలో చాలాకాలం నడిచింది. పిడిలోకి దిగే కొసను టాంగ్ అంటారు, అది స్కాండినేవియా నుంచి వచ్చిన మాట, అర్థం మొన. పిడి లేని ఫైలు వాడితే ఆ మొనే అరచేతిలో దిగుతుంది.

ఆఫీసు ఫైలు మూలం వేరే. లాటిన్‌లో ఫీలుమ్ అంటే దారం. ఫ్రెంచిలో అది ఫిల్ అయింది. కాగితాలను పోకుండా దారానికో తీగకో గుచ్చి వరుసగా ఉంచడం అనే పనికి ఈ మాట 15వ శతాబ్దంలో ఇంగ్లీషులో క్రియగా కనిపిస్తుంది. 16వ శతాబ్దంలో ఆ దారానికీ తీగకీ అదే పేరయింది. ఇది ఊహించుకోవడం మనకేం కష్టం కాదు. పాత కిరాణా కొట్లో కొక్కెం తీగకు బిల్లులన్నీ గుచ్చి వేలాడదీసేవారు కదా, ఫైలంటే అచ్చంగా అదే. ప్రభుత్వాఫీసు దస్త్రంలో చిల్లులు పొడిచి, రెండు కొసలా లోహపు ముక్క ఉన్న దారపు ట్యాగు దూర్చి కడతారు. ఆ ఫైలులో కూడా మాట పుట్టిన దారం ఇంకా ఉంది.

అక్కడి నుంచి అర్థాలు ఒకదాని వెనక ఒకటి ఎలా వచ్చాయో గీత గీసుకోండి. దారం, దారానికి గుచ్చిన కాగితాలు, ఆ కాగితాల కట్ట, కట్టను ఉంచే అట్ట, 1950లలో కంప్యూటర్‌లో దాచిన సమాచారం. కోర్టు ఫైలింగ్ అంటే కోర్టువారి దారానికి మన కాగితమూ ఎక్కించడం. వరుసగా నడిచే సైనికుల ఫైలూ ఈ దారానిదే. తెలుగులో "పూసగుచ్చినట్టు" అనడంలో ఉన్న భావమే అది. ఏ మెట్టు దగ్గరైనా ఒక అర్థం నుంచి పక్క అర్థానికి కాలు అందకపోతే మీ గీతలో ఏదో మెట్టు తప్పిందని గుర్తు, ఆ చోట మళ్లీ నిఘంటువు చూడాలి.

చివరగా బంధువులను విడదీయాలి. బల్బులోని ఫిలమెంట్ దారం కుటుంబం. ప్రొఫైల్ కూడా అంతే, దానర్థం మొదట దారంలాంటి అంచు గీత. వర్క్‌షాపులో ఒక ముక్కను కావలసిన ప్రొఫైల్ వచ్చేదాకా ఫైలుతో అరగదీస్తారు కాబట్టి అది ఆకురాయి చుట్టమని అనిపిస్తుంది, కాదు. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన కరీంనగర్ వెండి తీగ పనిని ఫిలిగ్రీ అంటాం. ఆ పేరులో లాటిన్ దారమూ, గింజ అనే మాటా రెండూ ఉన్నాయి. మలినం చేయడం అనే డిఫైల్ మాత్రం ఈ రెండిటిలో దేనికీ చెందదు, అది మురికి అనే అర్థమున్న ఫౌల్ కుటుంబం. ఇరుకు కనుమ అనే అర్థమున్న ఇంకో డిఫైల్ ఉంది, అది సైనికుల వరుస నుంచి వచ్చింది.

ఇదే పద్ధతిని ఇప్పుడు ఆ ఇనుప ముక్కను పట్టుకున్న వైస్ మీద ప్రయత్నించండి. బిగించే వైస్, దురలవాటు అనే వైస్, వైస్ ఛాన్సలర్‌లోని వైస్: మీకు మూడు అంకెలు కనబడాలి. బిగించే వైస్ మరతో (స్క్రూతో) తిరుగుతుంది కదా, దాని మూలం ద్రాక్షతీగ అనే లాటిన్ మాట. తీగ చుట్టుకున్నట్టే మర చుట్టు తిరుగుతుంది. అమెరికా నిఘంటువు చూస్తున్నవారు పనిముట్టును సి అక్షరం బదులు ఎస్‌తో రాసిన చోట వెతకాలి.