అమెరికాలో నవంబర్ ఓటుకి ముందు ఇవి చూస్కోండి

2026 నవంబర్ 3న మిడ్‌టర్మ్స్ (ప్రెసిడెంట్ పదవీకాలం మధ్యలో వచ్చే ఎన్నికలు) అండి.

గ్రీన్‌కార్డ్, హెచ్‌1బి వాళ్ళు ఓటర్‌గా అస్సలు రిజిస్టర్ అవ్వొద్దు. డీఎంవీలో (డ్రైవింగ్ లైసెన్స్‌లిచ్చే ఆఫీసు) లైసెన్స్ పనికెళ్తే ఓటర్ రిజిస్ట్రేషన్ కూడా అడుగుతారు, సిటిజనా అన్నదానికి తొందర్లో యస్ కొట్టి సంతకం పెట్టేస్తే తర్వాత సిటిజన్‌షిప్ సంగతి అటుంచి డిపోర్టేషన్ దాకా పోవచ్చు, తర్వాత ‘చూస్కోలేదు’ అని చెప్పినా అంత ఈజీగా వినరు.

కొత్త సిటిజన్లూ, సిటిజన్‌షిప్ ఓత్ (ప్రమాణం) అయిపోయినంత మాత్రాన పేరు ఓటర్ లిస్టులోకి రాదు. టెక్సస్‌లో ఎన్నికకి 30 రోజుల ముందే రిజిస్టర్ అవ్వాలి.

పెన్సిల్వేనియాలో మెయిల్ బ్యాలట్‌ని (పోస్టులో పంపే ఓటు) లోపలి సీక్రసీ కవర్లో (ఓటు ఎవరికీ కనపడకుండా ఉంచేది) పెట్టకపోతే లెక్కపెట్టరు, బయట కవర్ మీద సంతకం, తేదీ కూడా చూస్కోండి.

టెక్సస్ బూత్‌లో సెల్ఫీ వద్దు, 100 అడుగుల లోపు ఫోన్ వాడకూడదు. స్టేటస్‌కి ‘ఓటేశాను’ అనే స్టిక్కర్ ఫొటో చాల్లెండి.

క్లోజింగ్ టైమ్‌కి లైన్లో ఉంటే ఓటు వెయ్యనిస్తారు, వెళ్ళిపోకండి.