ఇన్సూరెన్స్ ఏజెంట్ దగ్గర తీసుకోవాలా, డైరెక్టుగానా? ముందు ఫారం ఎవరు నింపుతున్నారో చూడండి

మా నాన్నగారి హెల్త్ పాలసీ ఫారం నింపింది మా బంధువుల్లోనే ఒక ఏజెంటు, నాకు బాబాయి వరస. విశాఖపట్నం అక్కయ్యపాలెంలో మా ఇంటికొచ్చి టీ తాగుతూ పది నిమిషాల్లో నింపేశారు. నాన్నగారు "సుగర్ ఉంది కదరా, రాయాలేమో" అన్నారు కూడా. "అక్కర్లేదన్నయ్యా, రాస్తే ప్రీమియం పెరుగుద్ది, టెస్టులంటారు, ఎందుకొచ్చిన గొడవ, నేనున్నా కదా" అన్నారాయన, నాన్నగారు సంతకం పెట్టేశారు. మూడో ఏడాదే గుండెకి స్టెంట్ వెయ్యాల్సొచ్చింది. అడ్మిట్ చేసుకునేటప్పుడు డ్యూటీ డాక్టరు అడిగితే నాన్నగారు తొమ్మిదేళ్ల నుంచి సుగర్ ఉందని ఉన్నదున్నట్టు చెప్పారు, అది కేస్ షీట్‌లో ఎక్కింది, కంపెనీ వాళ్లు ఆ కేస్ షీట్‌నీ మన ఫారాన్నీ పక్కపక్కన పెట్టుకుని క్లెయిమ్ రిజెక్ట్ చేశారు, పాలసీ కూడా రద్దు చేశారు. 2 లక్షల 80 వేల బిల్లు అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి కట్టాం.

కాబట్టి ఎవరైనా నన్ను ఏజెంటు మంచిదా డైరెక్ట్ మంచిదా అని అడిగితే నేను ముందు అడిగేది, ప్రపోజల్ ఫారం ఎవరు నింపబోతున్నారు అని. రాసింది ఏజెంటైనా సంతకం మీది, ఆన్‌లైన్లో అయితే ఓటీపీ మీది, అంటే మాట మీదే. ఎవరి దగ్గర కొన్నా ఆ ప్రశ్నలు మీరే చదివి, జవాబులు మీరే చెప్పి, అవి అలాగే పడ్డాయో లేదో చూసుకున్నాకే సంతకం. ఇదొక్కటి ఒప్పుకుంటేనే మిగతాది చదవండి.

ఇంకోటి, చాలామంది ఆన్‌లైన్ అంటే డైరెక్ట్ అనుకుంటున్నారు, కాదు. కంపెనీ సొంత వెబ్‌సైట్లోనో, వాళ్ల బ్రాంచ్ ఆఫీసుకి మీరే వెళ్లో కొంటే అది డైరెక్ట్. పాలసీబజార్ లాంటి దాంట్లో కొంటే అక్కడ మధ్యలో బ్రోకర్ ఉన్నట్టే, 2021 నుంచి వాళ్లకి బ్రోకర్ లైసెన్సే ఉంది. బ్యాంకులో కౌంటర్ దగ్గర కొంటే బ్యాంకు కార్పొరేట్ ఏజెంటు. మన ఇంటికొచ్చే ఏజెంటేమో ఒక లైఫ్ కంపెనీ, ఒక జనరల్ కంపెనీ, ఒక హెల్త్ కంపెనీకి మాత్రమే పని చెయ్యగలరు, అందుకని ఆయన్ని "ఏది బెస్టండీ" అని అడిగితే ఆయన సంచిలో ఉన్నదే చెప్తారు, అది ఆయన తప్పు కాదు. బ్రోకర్ మాత్రం చట్టప్రకారం కొనేవాడి తరఫు మనిషి, పది కంపెనీలవీ చూపించొచ్చు, కమీషన్ మాత్రం ఆయనకీ కంపెనీయే ఇస్తుంది.

ఇప్పుడు ఒక్కో రకం పాలసీకి నేనేం చేస్తానో చెప్తా.

బండికీ కారుకీ డైరెక్టుగానే కొంటా. మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఉండే థర్డ్ పార్టీ ప్రీమియం అందరికీ ఒకటే, అది ప్రభుత్వం నోటిఫై చేసే రేటు, 2022 జూన్‌లో పెట్టింది చూస్తే 1000 నుంచి 1500 సీసీ కారుకి 3,416 రూపాయలు, 75 నుంచి 150 సీసీ బండికి 714, దాంట్లో ఎవరూ మనకి తగ్గించేదేమీ లేదు. తేడా వచ్చేది ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టం భాగంలో. క్లెయిమ్ వచ్చినా సర్వేయర్‌ని కంపెనీయే పంపిస్తుంది, ఎస్టిమేట్ షెడ్డు వాళ్లు వేస్తారు, ఏజెంటు చెయ్యగలిగింది తక్కువే. కానీ ప్రీమియం తక్కువ కనిపించిందని సంబరపడకండి, ఐడీవీ, అంటే బండికి కంపెనీ కట్టిన విలువ, ఎంత పెట్టారో చూడండి, ఐడీవీ తగ్గిస్తే ప్రీమియం తగ్గుతుంది, రేపు బండి పోతే వచ్చే డబ్బూ తగ్గుతుంది. పోయినేడాది క్లెయిమ్ చేశారా అని అడిగిన చోట నో అని కొట్టేసి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ఇచ్చే తగ్గింపు) తెచ్చుకున్నవాళ్లని చూశాను, పాత కంపెనీని అడిగితే ఒక్క రోజులో బయటపడే అబద్ధం అది. మన ఊళ్లో ఉన్నవాళ్లు ఒట్టి థర్డ్ పార్టీతో సరిపెట్టుకోవద్దని నా మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు ఎన్ని కార్ల మీద చెట్లు పడ్డాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాళ్లకి సొంత కారు బాగుచేయించుకోడానికి పైసా రాదు. ఇంజన్ ప్రొటెక్ట్ కూడా చేర్చుకోండి, నీళ్లు నిలిచిన చోట కారు ఆగిపోయి మళ్లీ సెల్ఫ్ కొడితే ఇంజన్ లోపలికి నీళ్లు పోతాయి, ఆ ఖర్చు మామూలు పాలసీలో సాధారణంగా రాదు.

టర్మ్ పాలసీ కూడా డైరెక్టుగా కొనొచ్చు, ఆన్‌లైన్లో తక్కువకే దొరుకుతుంది, అర్థం చేసుకోడానికి పెద్దగా ఏమీ ఉండదు, మనిషి పోతే ఇంత వస్తుంది, పోకపోతే రాదు. సిగరెట్, మందు, ఉద్యోగం, ఇంట్లో వాళ్ల జబ్బులు అన్నీ నిజం రాయండి. మన ఊళ్లో షిప్పుల మీద వెళ్లేవాళ్లు ఎక్కువ, డాక్‌యార్డు లోపల పనిచేసేవాళ్లు, స్టీల్ ప్లాంట్‌లో ఫర్నేస్ దగ్గర డ్యూటీలు చేసేవాళ్లు ఉన్నారు, ఒట్టి "ప్రైవేట్ జాబ్" అని రాసేసి ఊరుకోకండి. లైఫ్ పాలసీకి ఇన్సూరెన్స్ చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక పాలసీని ఏ కారణం మీదా ప్రశ్నించడానికి లేదు, కానీ ఆ మూడేళ్ల లోపే ఏదన్నా అయితే అనేదే కదా మన భయం.

అయితే టర్మ్‌లో అందరూ మర్చిపోయేది ఒకటుంది. పాలసీ కొనేది మీరు, క్లెయిమ్ చేసేది మీరు కాదు. ఆ రోజు మీ భార్యో అమ్మగారో జీవీఎంసీలో (మన కార్పొరేషన్ ఆఫీసులో) డెత్ సర్టిఫికెట్ తీసుకుని, కంపెనీకి ఫోన్ చేసి, ఫారాలు నింపాలి. అది ఆవిడ చేసుకోగలరా అని నిజాయితీగా ఆలోచించండి. చేసుకోగలరంటే డైరెక్టే, ఈ రోజే కూర్చోబెట్టి పాలసీ నంబరు, కంపెనీ నంబరు, ఎక్కడ పెట్టారో చూపించండి. లేదు, ఫోన్లో ఓటీపీ అంటేనే కంగారు పడతారు, దగ్గర మనిషి కూడా లేరు అంటే, నమ్మకమైన ఏజెంటుకి పోయే ఆ కమీషన్ దండగ కాదు. అప్పులున్నవాళ్లు ఎమ్‌డబ్ల్యూపీ (మ్యారీడ్ విమెన్స్ ప్రాపర్టీ) చట్టం కింద పాలసీ తీసుకోవడం గురించి కూడా అడగండి, 1874 నాటి చట్టం, ఆ డబ్బు భార్యాపిల్లలదే అవుతుంది, అప్పులవాళ్లు ముట్టుకోలేరు, కానీ అది కొనేటప్పుడే పెట్టుకోవాలి, తర్వాత కుదరదు.

హెల్త్ దగ్గరే అసలు ఆలోచించాల్సింది. మీకు ముప్ఫై ఏళ్లు, ఏ జబ్బూ లేదు, పాలసీ పేపరు చదివే ఓపిక ఉందంటే డైరెక్టుగా తీసుకోండి. అమ్మానాన్నలకైతే నేను మాత్రం మంచి ఏజెంటునే వెతుకుతా. నాన్నగారిది అలా అయ్యాక అమ్మకి కంచరపాలెం ఆవిడ ఒకరి దగ్గర తీసుకున్నాం. ఆవిడ రాగానే "అమ్మా, మీ మందుల డబ్బా తెండి" అన్నారు. ఒక్కో స్ట్రిప్ తీసి, ఇది దేనికి, ఎన్నేళ్ల నుంచి, ఏ డాక్టరు రాశారు అని అడిగి థైరాయిడ్, బీపీ, ఎప్పుడో అయిన ఫ్రాక్చర్‌తో సహా రాశారు. ప్రీమియం కాస్త పెరిగింది. "ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, గాల్ బ్లాడర్‌లో రాళ్లు, కంటి శుక్లం, హెర్నియా లాంటివాటికి రెండేళ్లు ఆగాలి, ఇప్పుడే చెప్తున్నా, తర్వాత నన్నేమీ అనొద్దు" అని మొదటి రోజే చెప్పారు. నాలుగో ఏడాది అమ్మకి గాల్ బ్లాడర్ ఆపరేషనే అయింది. క్యాష్‌లెస్ (హాస్పిటల్ బిల్లు కంపెనీయే నేరుగా కట్టే పద్ధతి) పెడితే కంపెనీ నుంచి క్వెరీ, నొప్పి ఎప్పటి నుంచో చూపించే మొదటి ఓపీ చీటీ కావాలని. మాకు ఆ చీటీ అనేది ఒకటి ఉందనే తెలీదు, ఆవిడ మాత్రం "ఫస్ట్ కన్సల్టేషన్ పేపరు, స్కాన్ రిపోర్టు రెండూ కలిపి ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఇవ్వండి, నేను వస్తున్నా" అని చెప్పి స్కూటీ మీద వచ్చేశారు. సాయంత్రానికి అప్రూవల్ వచ్చింది.

ఇప్పుడైతే ఇన్సూరెన్స్ కంపెనీల్ని అదుపు చేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో టైము కూడా పెట్టింది, క్యాష్‌లెస్ రిక్వెస్ట్ వచ్చిన గంటలో జవాబు చెప్పాలి, డిశ్చార్జ్ అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలి. పాత జబ్బులకి వెయిటింగ్ మూడేళ్లకి మించకూడదు. ఐదేళ్లు ఆపకుండా కట్టాక మీరు ఫలానాది చెప్పలేదు అని క్లెయిమ్ కొట్టెయ్యడానికి లేదు, మోసం అని రుజువు చేస్తే తప్ప. ఈ రూల్స్ ఏజెంటుకి తెలుసో లేదో ఒకసారి అడిగి చూడండి.

ఏజెంటుని ఎంచుకోడానికి ఐఆర్‌డీఏఐ ఏజెన్సీ పోర్టల్లో లైసెన్స్ ఉందో లేదో చూడ్డం ఎలాగూ చెయ్యాలి, కానీ నేను అడిగే అసలు ప్రశ్న వేరు. "మాస్టారు, మీరు చివరిగా ఏ క్లెయిమ్ కోసం హాస్పిటల్‌కి వెళ్లారు, ఏ పేపరు దగ్గర ఆగింది?" అని అడగండి. నిజంగా తిరిగిన మనిషి పేర్లు చెప్పకుండా ఆపకుండా చెప్పుకుపోతారు, పాలసీలు రాసి వదిలేసే మనిషి కంపెనీ బ్రోచర్ తీస్తారు. రూమ్ రెంట్ లిమిట్ ఎంత, దాటితే మిగతా బిల్లులో కూడా కోత పడుతుందా, కో-పే, అంటే బిల్లులో మనం కట్టాల్సిన వాటా, ఉందా అని అడగండి, మీరు వెళ్లే హాస్పిటల్ నెట్‌వర్క్‌లో ఉందా అనేది ఆయన మాట మీద కాకుండా హాస్పిటల్ డెస్క్‌లో కనుక్కోండి. మీరు ఈ పని మానేస్తే మా పాలసీ ఎవరు చూస్తారు అని కూడా, మొహమాటం వద్దు, చాలామంది రెండేళ్లకే మానేస్తారు.

మొదటి ప్రీమియంలో కొంత వెనక్కి ఇస్తారా అని మాత్రం అడక్కండి, వాళ్లే ఇస్తామన్నా తీసుకోకండి. ఇన్సూరెన్స్ చట్టం 41వ సెక్షన్ ప్రకారం అది చట్టవిరుద్ధం, 10 లక్షల దాకా జరిమానా ఉంది, తీసుకున్నవాళ్లదీ తప్పే. పైగా కమీషనంతా మనకే ఇచ్చేసిన మనిషి రేపు అర్ధరాత్రి ఫోన్ ఎందుకు ఎత్తుతారు చెప్పండి. డబ్బు ఎప్పుడూ కంపెనీ పేరు మీద చెక్కో, కంపెనీ లింకులోనో కట్టండి, ఏజెంటు ఫోన్‌పేకి వద్దు, ప్రీమియం కంపెనీకి చేరేదాకా పాలసీ మొదలవదు.

రేటు పోల్చేటప్పుడు ఒకే రోజు, ఒకే కవర్, అవే రైడర్లతో (అదనపు కవర్లతో) ఏజెంటు దగ్గర ఒక కొటేషన్, కంపెనీ సైట్లో ఒకటి తీసుకోండి, కొన్ని కంపెనీలు డైరెక్టుకి డిస్కౌంట్ ఇస్తాయి, కొన్నిట్లో పైసా తేడా ఉండదు, తేడా లేనప్పుడు సాయం చేసే మనిషిని ఎందుకు వదులుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే లైఫ్, హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు, ఇంకా 18 శాతం కలిపి చూపిస్తే ఎందుకని అడగండి. వాహనాలకి మాత్రం ఉంది.

ఇక పొదుపూ ఇన్సూరెన్సూ కలిపిన ఎండోమెంట్, యూలిప్ లాంటివి ఏజెంటు దగ్గరా వద్దు డైరెక్టుగానూ వద్దు అంటాను నేను, కవర్ తక్కువ, మధ్యలో ఆపితే నష్టం. ఎక్కువగా అంటగట్టేదీ ఇవే, మొదటి ఏడాది కమీషన్ వీటి మీద గట్టిగా ఉంటుంది. బ్యాంకులో "ఎఫ్‌డీ లాంటిదే సార్" అన్నారంటే అది ఎఫ్‌డీ కాదని అర్థం. కొనేశారా, పాలసీ చేతికొచ్చి 30 రోజులు దాటకపోతే ఫ్రీ లుక్ కింద వెనక్కి ఇచ్చెయ్యండి, స్టాంపు ఖర్చు, మెడికల్ ఖర్చు, ఆ కొన్ని రోజుల కవర్ డబ్బు పట్టుకుని మిగతాది ఇచ్చేస్తారు. డబ్బులు చాలక ఏదీ తీసుకోలేనివాళ్లు బ్యాంకు అకౌంట్ నుంచే ఏడాదికి 436 రూపాయలకి జీవన్ జ్యోతి, 20 రూపాయలకి సురక్షా బీమా పెట్టుకోండి, రెండూ 2 లక్షల చొప్పున, మొదటిది ఏ కారణంతో పోయినా, రెండోది యాక్సిడెంట్‌కి. దీనికి ఏజెంటే అక్కర్లేదు.

గొడవ వస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా కంప్లయింట్ ఇవ్వండి, ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్లో పెట్టండి, 155255కి ఫోన్ చెయ్యండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఆంధ్రా కూడా వాళ్ల కిందే, 50 లక్షల దాకా క్లెయిములు చూస్తారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, ఏడాది లోపు వెళ్లాలి. డైరెక్టుగా కొన్నా ఏజెంటు దగ్గర కొన్నా ఈ దారి ఒకటే.

ఇప్పటికే పాలసీ ఉన్నవాళ్లు ఈ రాత్రి ఒక పని చెయ్యండి. పాలసీ పేపర్ల వెనకాల ప్రపోజల్ ఫారం కాపీ ఉంటుంది, లేకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి తెప్పించుకోండి. అమ్మ మందుల డబ్బా పక్కన పెట్టుకుని ఒక్కో జవాబూ చదవండి. తప్పుంటే కంపెనీకి మీరే రాసి చెప్పండి, ప్రీమియం పెంచొచ్చు, వెయిటింగ్ పెట్టొచ్చు, పాలసీయే ఆపేసినా ఆపెయ్యొచ్చు, ఏదైనా ఆ మాట మనిషి బాగున్నప్పుడు ఇంట్లో కూర్చుని వినడం నయం, మేం బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడి విన్నాం.