రాతి మీది అక్షరాలకు రాత్రి వెలుగు: సమాధుల తోటలో లైట్ పెయింటింగ్

చిత్తూరు వంటి పాత జిల్లా కేంద్రంలో సమాధుల తోటకు, అంటే క్రైస్తవుల శ్మశానానికి, వెళ్తే, ఎండకూ వానకూ అరిగి, పగటి వెలుతురులో చదవడానికి వీలుకాని శిలాఫలకాలు ఒకటో రెండో కనిపిస్తాయి. అదే రాతిపై రాత్రివేళ పక్క నుంచి ఏటవాలుగా టార్చి వెలుగు ప్రసరింపజేస్తే, ప్రతి అక్షరపు గాడిలోనూ నీడ నిలిచి పేరూ సంవత్సరమూ పైకి తేలుతాయి. కెమెరా షట్టరును (వెలుగును లోపలికి వదిలే తెరను) చాలాసేపు తెరిచి ఉంచి, ఆ వ్యవధిలో టార్చినే కుంచెగా వాడే ఈ పద్ధతిని లైట్ పెయింటింగ్ అంటారు.

ముందుగా చర్చి సంఘపెద్దల నుంచి రాతపూర్వకమైన అనుమతి తీసుకుని, వచ్చే వేళనూ వెళ్లే వేళనూ కాపలాదారుకు చెప్పి ఉంచాలి. సమాధుల మధ్య అర్ధరాత్రి టార్చి తిరుగుతుంటే చుట్టుపక్కలవారు ఏమనుకుంటారో వేరే చెప్పనక్కరలేదు. నవంబరు 2న, సమాధుల పండుగ నాడు, కుటుంబాలు కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థించే చోట ట్రైపాడ్ (కెమెరాను నిలిపే మూడుకాళ్ల స్టాండు) నిలపడం నా దృష్టిలో మర్యాద కాదు. పైగా అది ఈశాన్య రుతుపవనాల కాలం. జనవరి నుంచి మార్చి వరకు ఆకాశం తేటగా ఉంటుంది. పగలే ఒకసారి వెళ్లి గుంతలూ ముళ్లకంపలూ ఎక్కడున్నాయో చూసుకోవాలి. పాముల భయం ఉంటుంది కనుక బూట్లు తప్పనిసరి.

కెమెరాను ట్రైపాడ్‌పై బిగించి, చేతి వణుకును సరిచేసే స్టెబిలైజర్‌ను ఆపివేసి, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/8 (లెన్స్ రంధ్రపు కొలత), షట్టరు 30 సెకన్లతో మొదలుపెట్టవచ్చు. టార్చిని అక్షరాలపై వేసి ఫోకస్ కుదిరిన వెంటనే లెన్స్‌ను మాన్యువల్ ఫోకస్‌కు మార్చాలి. లేకపోతే చీకట్లో అది మళ్లీ వెతుకులాట మొదలుపెడుతుంది. తరువాత టార్చి వాడకుండా ఒక చిత్రం తీసి, వీధిదీపాల వెలుగు ఎంత చేరుతున్నదో చూసుకోవాలి. నేపథ్యం బాగా చీకటిగా వచ్చినప్పుడే టార్చి పని ఫలిస్తుంది.

టార్చి పట్టుకున్న మనిషి కెమెరా పక్కన నిలబడకూడదు. నేను మొదట్లో ఈ పొరపాటే చేసి, సున్నం కొట్టిన పలకల వంటి చిత్రాలతో ఇంటికి వచ్చాను. ముదురు రంగు బట్టలు వేసుకుని, ఫలకానికి ఒక పక్కగా వెళ్లి, వెలుగు రాతి ముఖాన్ని రాసుకుంటూ పోయేలా టార్చిని పట్టి, ఒకే చోట నిలపకుండా నెమ్మదిగా కదిలించాలి. బల్బు లెన్స్‌కు కనిపించకుండా అరచేతిని అడ్డుపెట్టాలి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, మీటరు దూరం నుంచి 5 సెకన్లు సరిపోయిన చోట రెండు మీటర్ల నుంచి 20 సెకన్లు పడుతుంది. కుప్పం గ్రానైటు వంటి రాతికి మెరుగుపెట్టి నిలిపిన కొత్త ఫలకాలు అద్దంలా టార్చినే చూపిస్తాయి. వాటికి తెల్లని పంచె మీద పడి రాతివైపు తిరిగివచ్చే వెలుగు నయం.

వెనుక ఆకాశంలో నక్షత్రాల కదలిక గీసే చాపాలు (వంపు గీతలు) కావాలంటే ఉత్తరానికి తిరగాలి. ఇక్కడ ధ్రువనక్షత్రం దిగంతానికి దాదాపు 13 డిగ్రీల ఎత్తులోనే, అంటే చాచిన చేతి పిడికిలికి కాస్త పైన, ఉంటుంది. మిగతా నక్షత్రాలు దాని చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తాయి కనుక గంటకు 15 డిగ్రీల చాపం వస్తుంది. ఒక్కొక్కటి 30 సెకన్ల చొప్పున 120 చిత్రాలు వరుసగా తీసి కంప్యూటరులో కలపాలి. ప్రతి చిత్రం తరువాత దానిలోని మచ్చలు తీసేందుకు కెమెరాను కాసేపు ఆపే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్‌ను ముందే ఆపకపోతే చిత్రానికీ చిత్రానికీ మధ్య చాపాలు తెగిపోతాయి. రాతికి మొదటి చిత్రంలో ఒక్కసారి వెలుగు వేస్తే చాలు. మిగిలిన గంటసేపు టార్చి ఆర్పి కూర్చోవాలి.