మూకుడుకు పట్టిన మొండి జిడ్డును వదిలించిన విధానం: నా అనుభవం

వరంగల్లులోని మా ఇంట్లో సంక్రాంతికి సకినాలు, గారెలు కాల్చే పెద్ద స్టీలు మూకుడు అంచులకు గోధుమరంగు జిడ్డు గట్టిపడి, సబ్బుకూ పీచుకూ లొంగకుండా నిలిచిపోయింది. అది మామూలు జిడ్డు కాదు. పలుచగా పరుచుకున్న నూనె వేడికి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, దాని అణువులు ఒకదానితో ఒకటి గొలుసుకట్టుగా అల్లుకొని, వార్నిష్ వంటి పొరగా మారుతుంది. కనుక దానిని వదిలించాలంటే క్షారమూ వేడీ కలిసి పనిచేయాలి.

కిరాణా దుకాణంలో దొరికే బట్టల సోడాను, అంటే సోడియం కార్బొనేటును, లీటరు నీటికి 2 చెంచాల చొప్పున కలిపి, మూకుడు మునిగేంత పెద్ద స్టీలు గంజులో పోసి, సన్నని మంటపై 20 నిమిషాలు మరిగించి, నీళ్లు గోరువెచ్చగా అయ్యేదాకా మూకుడును అందులోనే ఉంచాను. రబ్బరు తొడుగులు వేసుకొని కొబ్బరి పీచుతో రుద్దగానే, మెత్తబడిన జిడ్డు పెచ్చులుగా ఊడివచ్చింది. పిడి మేకుల చుట్టూ మిగిలిన మరకలకు మాత్రం తడిపిన వంట సోడా ముద్దను పట్టించి, మరికొంత ఓపికగా రుద్దవలసి వచ్చింది.

అల్యూమినియం గిన్నెలకు ఈ పద్ధతి వద్దని గట్టిగా చెబుతాను. క్షారం ఆ లోహాన్నే తినేసి, నల్లబరుస్తుంది. ఇనుప మూకుడు లోపలి నల్లని పొర కూడా అలా గట్టిపడిన నూనెయే అయినా, అది తుప్పును ఆపుతుంది కాబట్టి దానిని ఉంచుకోవడమే మంచిది. వెలుపలి జిడ్డును మాత్రమే సోడా నీటిలో ముంచిన గుడ్డతో తుడిచి, కడిగి, వెంటనే పొయ్యిమీద ఆరబెట్టి, పలుచగా నూనె రాయాలి.