కళావర్, డైమన్ తురుపుతో స్లామ్ బిడ్డింగ్: సమస్య - పరిష్కారం

సమస్య: బ్రిడ్జ్‌లో 5 కళావర్ (కళావర్ తురుపుతో 11 ట్రిక్కులు గెలుస్తామనే బిడ్) దగ్గర ఆగాల్సిన ఆట 6కి, అంటే 12 ట్రిక్కుల స్లామ్‌కి పోతుంది. రెండు ఆసులు ఎదుటివాళ్ల దగ్గరుంటాయి, ఒకటి డౌన్, అంటే ఒక ట్రిక్కు తక్కువై ఓడిపోతాం. హన్మకొండలో ఆడినా, కరీంనగర్ పోయి ఆడినా ఇదే చూస్తున్నాను. "ఆసులు అడిగాం కదా, ఇంకేం చేస్తాం?" అంటారు. అడిగారు సరే. జవాబు ఎక్కడ పడుతుందో అడిగే ముందు చూశారా?

కారణం: 1930లలో ఈస్లీ బ్లాక్‌వుడ్ తెచ్చిన 4 నోట్రంప్ ప్రశ్న (నోట్రంప్ అంటే తురుపు లేని ఆట; ఇక్కడ మాత్రం పార్ట్‌నర్‌ని ఆసులెన్నని అడగడం) ఇస్పేట్ తురుపైతే హాయిగా సరిపోతుంది. ఇప్పటి కీకార్డ్ పద్ధతిలో నాలుగు ఆసులూ తురుపు రాజూ కలిపి ఐదు లెక్క. పార్ట్‌నర్ జవాబు 5 కళావర్ అంటే ఒకటి లేదా నాలుగు, 5 డైమన్ అంటే సున్నా లేదా మూడు, 5 ఆటీన్ అంటే తురుపు రాణి లేకుండా రెండు, 5 ఇస్పేట్ అంటే రాణితో రెండు. బిడ్డింగ్‌లో రంగుల వరస కింది నుంచి కళావర్, డైమన్, ఆటీన్, ఇస్పేట్, ఆపైన నోట్రంప్ కాబట్టి, తురుపు కళావర్ అయితే వీటిలో మొదటి జవాబు ఒక్కటే 5 కళావర్ దాటదు.

ఈ ముక్కలు చూడండి: ఇస్పేట్ రాజు-రాణి-జాకీ-4, ఆటీన్ 2, డైమన్ రాజు-రాణి-3, కళావర్ రాజు-రాణి-జాకీ-8-4. పార్ట్‌నర్ కళావర్‌కి సపోర్ట్ ఇచ్చాడు, మీరు 4 నోట్రంప్ అన్నారు. అతని దగ్గర రెండు ఆసులుంటే 5 ఆటీన్ అంటాడు. మీది ఒకటి, అతనివి రెండు. రెండు కీకార్డులు తక్కువ, 5 కళావర్ ఎప్పుడో దాటిపోయింది. అప్పుడు మిగిలే దారి ఒకటే: మనం బిడ్ చేయని రంగు ఐదులో చెప్పి పార్ట్‌నర్‌తో 5 నోట్రంప్ అనిపించి అక్కడ ఆగడం. అది కూడా ఇద్దరూ ముందే మాట్లాడుకుని ఉంటేనే.

పరిష్కారం: కళావర్ తురుపైతే 4 డైమన్‌తో, డైమన్ తురుపైతే 4 ఆటీన్‌తో అడగండి. దీన్నే రెడ్‌వుడ్ అంటారు. అవే నాలుగు జవాబులు ప్రశ్న తర్వాతి బిడ్ నుంచి మెట్టుమెట్టుగా వస్తాయి. పై ముక్కలతో 4 డైమన్ అంటే పార్ట్‌నర్ మూడో మెట్టు, 4 నోట్రంప్ చెబుతాడు. మీరు 5 కళావర్ అని ఆగిపోతారు. నాలుగు జవాబుల్లో ఏది వచ్చినా మన తురుపు ఐదు దాటదు.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. అసలు దెబ్బ దీని తర్వాతే, నేను ఎక్కువ పాయింట్లు పోవడం చూసింది ఇక్కడే. 4 ఆటీన్‌కి మూడు అర్థాలున్నాయి: ప్రశ్న, నిజంగా ఆటీన్ ఆడదామని, ఆటీన్‌లో ఒక్క ముక్కే ఉందని లేదా అసలే లేదని చూపే స్ప్లింటర్.

మన ఇద్దరి బిడ్లు ఇలా వచ్చాయనుకోండి: 1 ఆటీన్, 2 డైమన్, 3 డైమన్, 4 ఆటీన్. 4 ఆటీన్ చెప్పినవాడు కీకార్డులు అడుగుతున్నాడు. ఓపెనర్ (మొదట బిడ్ చేసినవాడు) మాత్రం పార్ట్‌నర్ దగ్గర మూడు ఆటీన్ ముక్కలున్నాయనుకుని పాస్ అంటాడు. డమ్మీలో (టేబుల్ మీద పరిచే పార్ట్‌నర్ ముక్కల్లో) ఆటీన్ ఒక్కటే దిగుతుంది. "అన్నా, నేను అడిగిన" అంటే ఏం లాభం, స్లామ్ పోయింది. కళావర్‌లోనూ ఇదే గొడవ: 1 డైమన్, 2 కళావర్, 3 కళావర్, 4 డైమన్.

అందుకే ఆట మొదలుకాకముందే ఈ మాటలు కన్వెన్షన్ కార్డు (ఇద్దరి ఒప్పందాలు రాసుకునే కార్డు) మీద రాసుకోండి. ప్రశ్నకి వాడే రంగు మనిద్దరిలో ఒకరు ముందే నిజంగా బిడ్ చేసి ఉంటే, అది ఆ రంగులో ఆడదామనే, ప్రశ్న కాదు. అప్పుడు ప్రశ్న 4 నోట్రంపే, దాని ఇబ్బంది తెలిసే అడగండి. ఎవరూ బిడ్ చేయకపోతే, జంప్ (మధ్య మెట్టు వదిలేసి పైకి చెప్పే బిడ్) అయినా కాకపోయినా అది ప్రశ్నే. ఆ ఒక్క స్ప్లింటర్ వదులుకోండి, స్లామ్ పోవడం కంటే నయం. ఇలా 4 ఆటీన్ ప్రశ్న అయినప్పుడు, డైమన్ కుదిరాక ఆటీన్ కంట్రోల్ (ఎదుటివాళ్లు ఆ రంగులో వెంటనే రెండు ట్రిక్కులు తీయకుండా ఆపే బలం) చూపాలంటే 4 నోట్రంప్ వాడండి, 4 ఆటీన్ స్థానం అది తీసుకుంటుంది. ఈ మూడూ ఒకరు చెప్పి ఇంకొకరు తలూపితే సరిపోదు. కొత్త పార్ట్‌నర్‌తో పై రెండు వరసలూ టేబుల్ మీద పరిచి, "ఇది ఏంటి?" అని అడగండి. జవాబు తడబడితే ఆ రోజుకి రెడ్‌వుడ్ మానేయండి.

మిగతావి అరుదు. ప్రశ్న తర్వాత ఎదుటివాళ్లు బిడ్ చేస్తే, డబుల్ అంటే సున్నా, పాస్ అంటే ఒకటి. చేతిలో ఒక రంగు అసలే లేకపోతే ఆసులు అడగకుండా కంట్రోళ్లు చూపుకోండి. 4 కళావర్‌తో ఆసులు అడిగే గెర్బర్ పద్ధతి నోట్రంప్ ఓపెనింగ్ మీద వాడేది, ఇక్కడ దాని జోలికి పోవద్దు.