మీ సిటీ గడువు అడిగిందా? కాలిఫోర్నియాలో వంటింటి చెత్త ఎలా వేరు చేయాలి

కాలిఫోర్నియాకు కొత్తగా వచ్చినవాళ్లు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: “మిగిలిన పప్పన్నం ఏ బిన్‌లో వెయ్యాలండీ?” ఫ్రీమాంట్ వాళ్లు గ్రీన్ బిన్ (ఆకులూ కొమ్మలూ, తిండి చెత్త వేసేది) అంటారు. శాన్ హోసే వాళ్లు మామూలు చెత్త బిన్‌లోనే అంటారు. సన్నీవేల్‌లో చెత్త బిన్‌కే మధ్యలో అడ్డు పెట్టి, ఒక సగం తిండి చెత్తకు ఇచ్చారు. ఈలోగా ఎవరో ఒకరు “మా ఊళ్లో అసలు ఆ బిన్నే లేదు, సిటీ టైమ్ అడిగిందట” అంటారు. ఎవరూ తప్పు చెప్పడం లేదు. చట్టం ఒకటే, అమలు మాత్రం ఊరికో తీరు. అందుకే పక్క ఊరి ఫ్రెండ్ సలహా మీద నడవకండి.

ఆ చట్టం పేరు ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 1383. 2016లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం చేశారు. 2014లో పూడ్చిన తడి చెత్తతో (తిండి పదార్థాలు, ఆకులు, కొమ్మలు లాంటివి) పోలిస్తే 2025 నాటికి 75 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. తిండి పదార్థాలు డంపింగ్ గుట్టల కింద గాలి తగలకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది. 20 ఏళ్ల లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడి పెంచే వాయువు. 2022 జనవరి 1 నుంచి ప్రతి సిటీ, ప్రతి కౌంటీ ఇళ్ల నుంచీ షాపుల నుంచీ తడి చెత్త విడిగా తీసుకునే ఏర్పాటు చేయాలని నిబంధన వచ్చింది.

చాలా సిటీలు ఆ తేదీకి సిద్ధంగా లేవు. సాకులు అని కొట్టిపారేయలేం. బిన్‌లు కొనాలి, చెత్తబండ్ల కంపెనీతో ఒప్పందం తిరగరాయాలి, కంపోస్ట్ చేసే ప్లాంటు దొరకాలి. బిల్లు పెంచాలంటే 1996లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 218 అనే చట్టం ప్రకారం ముందు జనానికి నోటీసు ఇచ్చి, అభ్యంతరాలు వినాలి. శాన్ డియేగోలో అయితే 1919 నాటి ఆర్డినెన్స్ (సిటీ చట్టం) వల్ల విడి ఇళ్లకు చెత్త సేకరణ ఫ్రీగా ఉండేది. దాన్ని మార్చడానికి 2022 నవంబర్‌లో ఓటింగే పెట్టాల్సి వచ్చింది. అక్కడ గ్రీన్ బిన్‌ల పంపిణీ 2023లో మొదలైంది. మరోవైపు, శాన్ ఫ్రాన్సిస్కో 2009లోనే తడి చెత్త వేరు చేయడం తప్పనిసరి చేసింది. మిగతా ఊళ్లకు చూసి నేర్చుకోవడానికి పుష్కర కాలం దొరికినట్టే కదా అని నాకు అనిపిస్తుంది.

ముందు మీ సిటీ సంగతి తెలుసుకోండి

సిటీ వెబ్‌సైట్‌లో ఆర్గానిక్స్ (తడి చెత్తకు ఇక్కడి పేరు) అనో, ఎస్‌బీ 1383 అనో వెతకండి. ఏ బిన్‌లో ఏం వేయాలో బొమ్మలతో ఒక పేజీ ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి ఫ్రిజ్‌కు అంటించండి. ఆ పేజీ దొరక్కపోతే కౌన్సిల్ మీటింగ్ అజెండాల్లో అదే మాట వెతకండి. సిటీ గడువు అడిగి ఉంటే ఆ తీర్మానం అక్కడే కనిపిస్తుంది.

గడువు అన్న మాటలో మూడు వేర్వేరు సంగతులున్నాయి. వీటిని కలిపేస్తేనే గందరగోళం.

ఒకటి, 2021లో వచ్చిన ఎస్‌బీ 619. “మేం ఇంకా సిద్ధంగా లేము, కారణాలు ఇవీ, ప్లాన్ ఇదీ” అని 2022 మార్చి 1లోపు రాసిచ్చిన సిటీలకు ఆ ఏడాది జరిమానాల నుంచి వెసులుబాటు ఇచ్చారు. అది ఎప్పుడో ముగిసింది. ఇంకా దాని పేరే చెబుతున్నారంటే పాత కబురు అనుకోండి.

రెండోది, దిద్దుబాటు ప్రణాళిక. చెత్త వ్యవహారాలు చూసే రాష్ట్ర శాఖ కాల్‌రీసైకిల్ ఇస్తుంది. సిటీ గట్టిగా ప్రయత్నించినా ప్లాంట్ల కొరత లాంటి తన చేతిలో లేని కారణంతో ఆగిపోతే, 24 నెలల వరకు టైమ్ ఇవ్వొచ్చు. ఏ తేదీకి ఏ పని అవుతుందో అందులో రాసి ఉంటుంది. మీ సిటీకి అది ఉంటే ఆ తేదీలు చూసుకోండి, బిన్ ఎప్పుడు వస్తుందో తెలిసిపోతుంది.

మూడోది మినహాయింపు. జనం బాగా తక్కువ ఉన్న ఊళ్లకు, గ్రామీణ కౌంటీలకు, 4,500 అడుగులు, ఆపై ఎత్తులో ఉన్న ఊళ్లకు ఇది దొరుకుతుంది. ఎత్తు ఊళ్ల కథ సరదాగా ఉంటుంది: తిండి చెత్తను బయట విడిగా పెడితే ఎలుగుబంట్లు విందుకు వచ్చేస్తాయి. అందుకే అక్కడ తిండి చెత్త వేరు చేయక్కర్లేదు. ఆకులూ కొమ్మలూ మాత్రం వేరు చేయాల్సిందే.

నిబంధన తప్పిన సిటీకి కాల్‌రీసైకిల్ రోజుకు 10,000 డాలర్ల దాకా జరిమానా వేయగలదు. ఇళ్లలో ఉండేవాళ్లకు సిటీ వేసేది మొదటిసారి 50 నుంచి 100 డాలర్లు, ఏడాదిలో మూడోసారైతే 250 నుంచి 500. మొదట నోటీసు వస్తుంది, సరిచేసుకోవడానికి టైమ్ ఇస్తారు. కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు, నోటీసును మాత్రం చెత్తలో పడేయకండి.

అపార్ట్‌మెంట్ అయితే మేనేజర్‌ను అడగండి

అయిదు, అంతకంటే ఎక్కువ యూనిట్లున్న అపార్ట్‌మెంట్‌ను ఈ నిబంధనల్లో వ్యాపార సంస్థ కింద లెక్కిస్తారు. తడి చెత్త సర్వీస్ పెట్టించాల్సింది ఓనరే. బిన్ కనిపించకపోతే లీజింగ్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టండి, నోటిమాటగా అడిగితే మర్చిపోతారు. “సర్వీస్ ఉందా, లేక సిటీ మీకు మినహాయింపు ఇచ్చిందా?” అని సూటిగా అడగండి. స్థలం లేని బిల్డింగులకు నిజంగానే మినహాయింపు ఇస్తారు.

వంటింట్లో ఎలా?

అసలు పని ఇక్కడే. మన వంటకు తడి చెత్త ఎక్కువ. చింతపండు పిప్పి, నమిలిన ములక్కాడ, కరివేపాకు కాడలు, కాఫీ పిప్పి, ఉల్లి పొట్టు, మాడిన అడుగన్నం, ఇవన్నీ అందులోకే. గ్రీన్ బిన్ ఉన్న చాలా ఊళ్లలో ఎముకలు, చేప ముళ్లు, రొయ్యల పొట్టు కూడా తీసుకుంటారు. కొబ్బరి చిప్ప విషయం ఊరిని బట్టి మారుతుంది, సిటీ జాబితా చూడండి.

సింకు పక్కన మూత ఉన్న చిన్న డబ్బా పెట్టండి. చాలా సిటీలు ఫ్రీగా ఇస్తాయి. అడుగున న్యూస్‌పేపర్ మడిచి వేయండి. సాంబారు, మజ్జిగ పులుసు లాంటివి జల్లెడలో వంచి, నీళ్లు కారిపోయాక పిప్పి మాత్రమే వేయండి. వేయించిన నూనె మాత్రం ఇందులోనూ వద్దు, సింకులోనూ వద్దు. దాన్ని సీసాలో పోసి సిటీ చెప్పిన చోట ఇవ్వాలి.

రొయ్యలు, చేపలు వండిన రోజు ఆ చెత్తను కాగితంలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి, బండి వచ్చే ముందు రాత్రి బిన్‌లో వేయండి. మొదట్లో మా ఇంట్లో “ఫ్రీజర్‌లో చెత్తేమిటి, ఛీ” అన్నారు. జులైలో ఒక్కసారి బిన్ మూత తెరిచాక ఇంకెవరూ ఆ మాట అనలేదు. పెద్ద బిన్ అడుగున ఎండుటాకులు పరిస్తే పురుగు పట్టడం తగ్గుతుంది.

అందరూ చేసే పొరపాటు ప్లాస్టిక్. నేనూ చేశాను. పాడైపోయిన తోటకూర కట్టల్ని కవరుతో సహా పడేస్తే, బిన్ ఖాళీ చేయకుండా ఒక ట్యాగ్ తగిలించి వెళ్లిపోయారు. కవరు, కూర కట్టకు వేసిన రబ్బర్ బ్యాండ్, అరటిపండు మీది స్టిక్కర్, టీ బ్యాగ్ పిన్ను, ఏవీ ఉండకూడదు. కంపోస్టబుల్ అని రాసిన కవర్లు కూడా కొన్ని సిటీలు ఒప్పుకోవు. తళతళలాడే పేపర్ ప్లేటుకు ప్లాస్టిక్ పూత ఉంటుంది, అది మామూలు చెత్తే.

పూజ చేసుకునేవాళ్లకు ఒక మాట. దేవుడి పూలు తడి చెత్తలో వేయొచ్చు, కానీ దండకు వాడింది ఎక్కువగా సింథటిక్ దారం. దాన్ని తీసేయండి. మామిడి తోరణానికి వాడిన తీగ కూడా అంతే. దేవుడి పూలను చెత్తలో వేయడానికి మనసొప్పకపోతే పెరట్లో మొక్కల మొదట్లో వేసుకోవచ్చు.

బిన్ ఇంకా రాకపోతే

పెరడుంటే ఇంట్లోనే కంపోస్ట్ చేసుకోండి, నిబంధనలు ఒప్పుకుంటాయి. ఒక వంతు వంటింటి చెత్తకు రెండు మూడు వంతులు ఎండుటాకులో చింపిన అట్టపెట్టెలో కలపాలి. మాంసం, వండిన అన్నం, నూనె వేయకండి, ఎలుకలు వస్తాయి. పెరడు లేకపోతే దగ్గర్లో కమ్యూనిటీ గార్డెన్ ఉందేమో కనుక్కోండి. రెండూ కుదరకపోతే సిటీ గడువు తీరేదాకా మామూలు బిన్‌లోనే వేయండి, అందులో మీ తప్పేమీ లేదు.

ఎరువు తిరిగి తెచ్చుకోండి

చాలామందికి ఈ సంగతి తెలియదు. తడి చెత్తతో తయారైన కంపోస్ట్, మల్చ్ (మొక్కల మొదట్లో మట్టి మీద పరిచేది) లాంటివాటిని సిటీలే జనాభాను బట్టి ఏటా కొనాలని కూడా ఇదే చట్టం కింద నిబంధన ఉంది. అందుకే చాలా సిటీలు వసంతంలోనో, శరత్కాలంలోనో ఒక శనివారం కంపోస్ట్ ఫ్రీగా పంచుతాయి. తేదీ సిటీ న్యూస్‌లెటర్‌లో వస్తుంది. అడ్రస్ ప్రూఫ్, పార, రెండు బకెట్లు తీసుకెళ్లండి, త్వరగా వెళ్లండి, పదకొండింటికల్లా అయిపోతుంది. కుండీలోకైతే మట్టి మూడు పాళ్లకు కంపోస్ట్ ఒక పాలు చాలు. ఉత్త కంపోస్ట్‌లో నాటితే మా కరివేపాకు మొక్క వారంలో వడలిపోయింది.